రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లోనే… మావాడు ఏమవుతాడు?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీ. ఏడాదిగా బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ అంటూ దాని మీదే కూర్చుంటున్నాడు. రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లోనే ఉంటుంది, కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. అడిగితే "నేను పడుకున్నా అదే ఒకదాని తర్వాత ఒకటి రెండర్ చేసుకుంటుంది నాన్నా, ఆ ప్రోగ్రాం నేనే రాశాను" అంటాడు. అటెండెన్స్ 68 శాతానికి వచ్చింది. ఇప్పుడు బీటెక్ మానేసి యానిమేషన్ కోర్సులో చేరతానంటున్నాడు. లక్షన్నర పెట్టి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కూడా కావాలట. నాకు టెన్షన్‌గా ఉంది. వాడు రాసిన ఫైలు పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక తండ్రి, భీమవరం

జవాబు: బీటెక్ మాన్పించకండి. కంప్యూటర్ ఇప్పుడే కొనకండి. ఆ ప్రోగ్రాంను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఆసక్తి కలిగించింది అదొక్కటే.

ముందు వాడు రాత్రంతా కంప్యూటర్ ఎందుకు ఆపడో చెబుతాను. యానిమేషన్‌లో సెకనుకు 24 బొమ్మలు. 20 సెకన్ల షాట్ అంటే 480 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మగా తయారుచేయడానికి (దీన్నే రెండర్ అంటారు) 3 నిమిషాలు పడితే మొత్తం సరిగ్గా ఒక రోజు. ఇలాంటి షాట్లు ఐదారు ఉంటే, ఒకటి అయ్యేదాకా కాచుకుని ఇంకోటి మొదలుపెట్టడం మనిషి వల్ల కాదు. అందుకే మీవాడు ఫైళ్ల పేర్లన్నీ ఒక జాబితాలో రాసి, బ్లెండర్ తెర మీద తెరుచుకోకుండానే వెనక నుంచి వాటిని వరసగా నడిపించే ప్రోగ్రాం రాసుకున్నాడు. స్టూడియోల్లో దీన్నే పెద్ద ఎత్తున వందల యంత్రాల మీద చేస్తారు.

ఫైలు తెరిచి చూశాను. కుర్రాడు దెబ్బలు తిని నేర్చుకున్నాడని తెలుస్తోంది. బ్లెండర్‌కు కమాండ్ లైన్‌లో, అంటే టైపు చేసిన మాటలతో, ఆజ్ఞలిచ్చేటప్పుడు వరస ముఖ్యం. ఏ ఫ్రేము నుంచి ఏ ఫ్రేము దాకా అన్నది ముందు చెప్పి, రెండర్ చెయ్యమన్నది చివర చెప్పాలి. తారుమారైతే మనం చెప్పిన అంకెల్ని అది పట్టించుకోదు. ఆ వరస పక్కన మీవాడు "ఇది మార్చకు, ఒక రాత్రి పోయింది" అని రాసుకున్నాడు. నవ్వొచ్చింది. వీడియోగా కాకుండా ఫ్రేముకో బొమ్మ చొప్పున దాచుకుంటున్నాడు. కరెంటు పోయినా అప్పటిదాకా అయినవి మిగులుతాయి, మళ్లీ మొదలుపెడితే లేని ఫ్రేములే చేస్తుంది.

ఒక తప్పు మాత్రం ఉంది. ఫైలు ఉందా లేదా అనే చూస్తున్నాడు, పూర్తయిందా అని చూడటం లేదు. బొమ్మ డిస్కు మీద సగం రాసేసరికి కరెంటు పోతే ఆ సగం ఫైలు అక్కడే పడి ఉంటుంది. రేపు ప్రోగ్రాం దాన్ని చూసి "ఇది అయిపోయింది" అనుకుని ముందుకెళ్లిపోతుంది. ఈ పనిలోకి రాకముందు నేను ఒక స్టూడియోలో నాలుగేళ్లు చేశాను. సరిగ్గా ఇలాంటి ఒక్క చెడ్డ ఫ్రేము వల్ల తెల్లారి తొమ్మిదింటికి క్లయింటు ముందు తలదించుకున్నాం. తాత్కాలిక పేరుతో దాచి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టమనండి. వాడికి వెంటనే అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. మీవాడు యానిమేటర్ అవుతాడని వాడూ మీరూ అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. యానిమేషన్ మీద పిచ్చి ఉన్నవాడు రాత్రిళ్లు పాత్ర నడక దిద్దుకుంటూ కూర్చుంటాడు. వీడు ఆ పని సాఫీగా సాగడానికి యంత్రాంగం కట్టాడు. అలాంటివాళ్లకు స్టూడియోల్లో పైప్‌లైన్ టీడీ (టెక్నికల్ డైరెక్టర్) అనే ఉద్యోగం ఉంది, గేమ్ కంపెనీల్లోనైతే టెక్నికల్ ఆర్టిస్ట్ ఉంది. పైథాన్, లినక్స్ గట్టిగా రావాలి. స్టూడియోలు వాడే మాయా, హుడినీ సాఫ్ట్‌వేర్లలో ఒకటైనా తెలియాలి. వీటికి సీఎస్‌ఈ చదువు అడ్డం కాదు, పునాది. ఆరు నెలల యానిమేషన్ కోర్సులో ఇది ఎవరూ నేర్పరు.

ఆ మాటకొస్తే బ్లెండర్ కూడా ఇలా సొంత అవసరానికి పుట్టిందే. 1994లో టోన్ రోసెండాల్ నెదర్లాండ్స్‌లోని తమ స్టూడియో కోసం రాయడం మొదలుపెట్టాడు. 2002లో వాడకందార్లు లక్ష యూరోలు పోగుచేస్తే దాని సోర్స్ కోడ్ అందరిదీ అయింది.

డిగ్రీ చేతిలో ఉండాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఈ రంగం నిలకడైనది కాదు. హైదరాబాద్‌లోనూ శాఖ నడిపిన అమెరికా వీఎఫ్‌ఎక్స్ (సినిమా విజువల్ ఎఫెక్ట్స్) కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆస్కార్ కూడా గెలిచింది! ప్రాజెక్టు ఉంటే పని, లేకపోతే ఇంటికి. అలాంటి రోజున పైథాన్ వచ్చిన బీటెక్ కుర్రాడు మామూలు సాఫ్ట్‌వేర్ వైపు తిరగగలడు.

కాబట్టి ముందు అటెండెన్స్. 75 శాతం ఉండాలి. 65కి పైన ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు, ఏడాది పోతుంది. మీవాడు అంచు మీదున్నాడు. ఈ విషయంలో మెత్తబడకండి.

కంప్యూటర్ సంగతి. యంత్రాంగం పరీక్షించడానికి పెద్ద కార్డు అక్కర్లేదు, చిన్న సైజులో పది ఫ్రేములు చాలు. కరెంటు బిల్లూ తగ్గుతుంది. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్, గూగుల్ కలిసి 2019లో ఉచితంగా విడుదల చేసిన ఓపెన్‌క్యూ ఉంది, బ్లెండర్ వాళ్లదే ఫ్లమెంకో ఉంది. రెండూ మీవాడు చేసిన పనినే పదుల వందల యంత్రాల మీద చేస్తాయి. సెలవుల్లో వాటి కోడ్ చదవమనండి.

తర్వాత తన ప్రోగ్రాంను ఇద్దరు స్నేహితులకిచ్చి, పక్కన నిలబడి చెప్పకుండా వాడించమనండి. ఫైలు పేరులో ఖాళీ ఉన్నందుకే ఆగిపోవచ్చు, ఎవరో ఒకరు జాబితాలో తప్పు పేరు రాయొచ్చు. అవన్నీ సరిదిద్ది, కోడ్ నలుగురితో పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టాక నాకు లింకు పంపించండి. లక్షన్నర సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.