డిగ్రీ చదివి నర్సరీ టీచరా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ పూర్తి చేసింది. బ్యాంకు కోచింగ్‌కి పంపిస్తామంటే వద్దంటోంది. చిన్నపిల్లల బడిలో టీచర్‌గా చేరతానంటోంది. ఒక సంస్థ వాళ్లు ఆరు నెలల ఆన్‌లైన్ మాంటిస్సోరి డిప్లొమాకి 45 వేలు అడుగుతున్నారు, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తారట. అది చేయించాలా, రెండేళ్ల డీపీఎస్ఈ (ప్రీస్కూల్ టీచర్ల డిప్లొమా) మంచిదా, బీఎడ్ మేలా? రైమ్స్ చెప్పడానికి డిగ్రీ ఎందుకని బంధువులంతా అడుగుతున్నారు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అసలు బాధ ఆఖరి వాక్యంలో ఉందండీ. ఏటా రిజల్ట్స్ వచ్చాక ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అందరూ కోర్సుల గురించే అడుగుతారు, కానీ మనసులో తొలిచేది మాత్రం ‘ఇంతా చదివించి ఆయా పనికి పంపాలా’ అన్నదే. ముందు దాని సంగతి చూద్దాం, కోర్సుల మాట తర్వాత.

నాలుగేళ్ల పిల్లలు ఇరవై మంది ఉన్న గది ఊహించుకోండి. మధ్యలో ఒక బేసిన్ నిండా నీళ్లు. పక్కన ఒక రావి ఆకు, గులకరాయి, స్టీలు చెంచా, చిన్న స్టీలు గిన్నె. పని తెలియని టీచర్ అన్నీ తనే నీళ్లలో వేసి చూపించి, ‘ఇది మునిగింది, ఇది తేలింది’ అని పిల్లలతో పలికిస్తుంది. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత తోపులాట మొదలవుతుంది. పని తెలిసిన టీచర్ అయితే వేసేముందు ఒక్కొక్కరినీ అడుగుతుంది, ‘నువ్వేమనుకుంటున్నావు నాన్నా?’ అని. చెంచా మునిగింది కాబట్టి గిన్నె కూడా మునుగుతుందని పిల్లలు గట్టిగా చెబుతారు. గిన్నె తేలుతుంది! ఎందుకని టీచర్ వెంటనే చెప్పదు. ఆ గిన్నెలో చెంచాతో నీళ్లు పోయమంటుంది. ఒక్కొక్కరు వంతు ప్రకారం వచ్చి పోస్తుంటే మిగతా వాళ్లు గొంతు కలిపి లెక్కపెడతారు. గిన్నె మునిగేసరికి అంకెలు, సైన్సు, మాట్లాడటం, తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం అన్నీ అయిపోతాయి. పలక బయటికి తీయకుండానే.

మన ఆటల్లోనూ ఈ చదువు బోలెడుంది. ‘వీరీ వీరీ గుమ్మడిపండు’ ఆడిస్తే కళ్లు మూసుకున్న పిల్ల తోటి పిల్లల పేర్లు గుర్తు తెచ్చుకోవాలి, చిన్న అలికిడికి కూడా చెవి పెట్టాలి. కొత్తగా చేరి ఎవరితోనూ కలవని పిల్లాడి పేరు వారంలో క్లాసంతటికీ వచ్చేస్తుంది. కందిపప్పు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయడం, పాత పేపరు సన్నగా చింపడం, స్పాంజి పిండటం, మట్టి ముద్దలు చేయడం, ఇవన్నీ రేపు పెన్సిల్ పట్టబోయే వేళ్లకు కసరత్తే. మూడేళ్లలోపు పిల్లలైతే పప్పులు, చింతపిక్కలు, పూసలు దగ్గర పెట్టకూడదు. ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటాయి. ఏ వయసుకి ఏది ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తెలియడమే ఈ వృత్తిలో సగం పని.

కొంచెం కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడని మూడేళ్ల పిల్లల చేత నాలుగు గీతల పుస్తకం రాయిస్తున్నారంటే, ఆ తప్పు టీచర్లది మాత్రమే కాదు. అడ్మిషన్ రోజే ‘ఏబీసీడీ ఎప్పుడు రాయిస్తారు’ అని నిలదీసే మనలాంటి పెద్దలది కూడా. ఈ పనికి మనం విలువ ఇవ్వం కాబట్టే పని తెలిసిన వాళ్లు ఇందులోకి రావడం లేదు. మీ అమ్మాయి తనంతట తాను వస్తానంటే మీరు బంధువుల మాటలకు జంకుతున్నారు. ఆ బంధువులే రేపు తమ మనవణ్ని చేర్పించడానికి మంచి ప్లేస్కూల్ ఏదని మీ అమ్మాయినే అడుగుతారు.

ఇక ఆ ఆన్‌లైన్ డిప్లొమా. నాకు ఇందులో చాలా అనుమానాలున్నాయి. మాంటిస్సోరి పద్ధతి మీద కాదు, ఆ పేరు మీద జరుగుతున్న వ్యాపారం మీద. ఆ పద్ధతిని తెచ్చిన మరియా మాంటిస్సోరి డాక్టరు. 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల వాడలో, కూలీల పిల్లల కోసం మొదటి బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయి, ఇక్కడి టీచర్లకు స్వయంగా శిక్షణ ఇచ్చారు. అలాంటి పేరు ఇవాళ ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు.

ఆ పద్ధతిలో గులాబీ రంగు చెక్క దిమ్మెలు పది ఉంటాయి, ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. టీచర్ నోరు మెదపకుండా, నెమ్మదిగా, ఒక్కో దిమ్మెను పట్టుకుని ఒకసారి పేర్చి చూపిస్తుంది. తర్వాత పక్కకు తప్పుకుంటుంది. పిల్లవాడు తప్పు పేరిస్తే ఆ తప్పు వాడి కంటికే కనబడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పక్కకు తప్పుకోవడమే అన్నిటికన్నా కష్టం. వద్దనుకున్నా చెయ్యి ముందుకు పోతుంది. దిమ్మెను ముట్టుకోకుండా, ఒక్క పిల్లాడు కూడా ఎదురుగా లేకుండా, ఫోన్లో వీడియోలు చూసి అది ఎలా వస్తుంది చెప్పండి? ‘ఇంటర్నేషనల్’ అన్న మాటకి మీరు 45 వేలు కట్టబోతున్నారు. ప్రాక్టీస్ ఏ బడిలో, ఎన్ని గంటలు, పక్కన ఉండి ఎవరు చూస్తారు అని ఆ సంస్థను అడగండి. సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టొద్దు.

బీఎడ్ పెద్ద క్లాసుల కోసం. ప్రైమరీ టీచర్ ఉద్యోగాలకు బీఎడ్ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చి చెప్పింది. చిన్నపిల్లల కోసమైతే ఆ దారి వదిలేయండి. డీపీఎస్ఈకి టీచర్ కోర్సులను చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ గుర్తింపు ఉంది, పిల్లల మధ్య పని చేయించి నేర్పిస్తారు, నా ఓటు దానికే. డిగ్రీ అయ్యాక మళ్లీ రెండేళ్లా అనుకుంటే, ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో చిన్నపిల్లల చదువు మీద ఏడాది డిప్లొమా ఉంది, ఏదైనా బడిలో పని చేస్తూనే చదువుకోవచ్చు.

జీతం విషయం దాచను. మొదట్లో చాలా ప్రైవేట్ బళ్లలో పది వేలు కూడా ఇవ్వరు. ఇంటి ఖర్చు మొత్తం అమ్మాయి జీతం మీదే నడవాలంటే మాత్రం ఈ దారి గురించి రెండుసార్లు ఆలోచించండి. అలాంటి ఇబ్బంది లేకపోతే భయపడకండి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల వయసు నుంచే బడి చదువులో లెక్కేసింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే కేంద్రం) సదుపాయం కల్పించాలని 2017 నుంచి చట్టమే ఉంది. పని తెలిసిన మనిషికి ఇందులో కోఆర్డినేటర్, సెంటర్ హెడ్, ట్రైనర్ దాకా ఎదిగే దారి ఉంటుంది.

ఏ ఫీజూ కట్టకముందు ఒక పని చేయండి. మీ వాడలోని అంగన్‌వాడీ టీచర్‌నో, దగ్గర్లోని ప్లేస్కూల్ వాళ్లనో అడిగి, అమ్మాయిని ఒక నెల రోజులు సాయంగా పంపండి. ముక్కు తుడవడం, ఏడ్చే పిల్లని ఎత్తుకోవడం, నిక్కరు మార్చడం కూడా అందులో ఉంటాయని ముందే చెప్పండి. రోజూ ఇంటికి వచ్చాక ఆ రోజు ఏం చేయించిందో, ఏ పిల్లాడు ఏమన్నాడో అడగండి. నెల తర్వాత కూడా ఆపకుండా చెబుతుంటే డీపీఎస్ఈ నోటిఫికేషన్ కోసం చూడండి. అలసిపోయి మౌనంగా ఉంటే, బ్యాంకు కోచింగ్ ఎక్కడికీ పోదు.