ఎడమ స్ట్రట్‌లో ఆయిల్ నింపిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా మావయ్యగారు విదేశం నుంచి వస్తూ తెచ్చుకున్న 1998 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్3 ఇప్పుడు నా చేతికొచ్చింది. కాలవ వంతెన దిగగానే బండి ముందు భాగం పడవలా ఊగుతోంది. బ్రేకు కొడితే ముక్కు కిందికి దిగిపోతోంది. ఎడమ స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగుతో కలిసి ఉండే షాకర్) మీద ఆయిల్ కారిన చారలున్నాయి, ఆ వైపు టైరు అలలు అలలుగా అరిగింది. కుడిది బాగానే ఉందని, ఎడమది విప్పి ఆయిల్ నింపించి వేసేద్దామని మా మెకానిక్ అంటున్నాడు. పనిలో పనిగా బండి కాస్త కిందికి దిగేలా పొట్టి స్ప్రింగులు వేయించాలని నా కోరిక. ఏమంటారు?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆయిల్ నింపించకండి. రెండు వైపులా కొత్త స్ట్రట్లే వేయించండి. పొట్టి స్ప్రింగుల మాట మాత్రం మర్చిపోండి.

పాత జీపుకి షాకర్ పోతే బండి ఎగురుతుంది, అంతే. చక్రాన్ని పట్టుకునే పని కమాన్లది, అంటే పట్టీల స్ప్రింగులది. మీ బండిలో అలా కాదండి. చక్రాన్ని కిందవైపు ఒక ఆర్మ్ పట్టుకుంటుంది, పైవైపు స్ట్రట్టే ఆధారం. స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు అదీ తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు వచ్చే తోపుడులో కొంత స్ట్రట్ గొట్టంలోంచి పైకొచ్చే రాడ్డు కూడా మోస్తుంది. మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు పేరు మీద వచ్చిన ఈ పద్ధతి 1950ల మొదట్లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సుల్ కారుతో రోడ్డెక్కింది. ఇప్పుడు మన చిన్న కార్లలో చాలావాటికి ముందు ఇదే. అందుకే స్ట్రట్ అరిగితే కుదుపుతో పోదు, బ్రేకూ స్టీరింగూ టైరూ అన్నీ దెబ్బతింటాయి.

ఎడమదే ముందు ఎందుకు పోయిందో మీ ఊరి రోడ్డే చెబుతుంది. నల్లరేగడి నేల ఎండకి బీటలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. కాలవ గట్టు రోడ్లు అంచు దగ్గర కుంగేది అందుకే. ఎదురుగా లారీ వస్తే మన ఎడమ చక్రమే ఆ అంచు దిగి ఎక్కాలి. దానికి తోడు చేపల లారీలూ రొయ్యల లారీలూ ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. చెరువు ఉప్పు, మురికి కలిసిన ఆ నీళ్లు చక్రాల కింద నుంచి చిమ్ముతాయి. రాడ్డు మీదుండే రబ్బరు తొడుగు చిరిగిందంటే అవి నేరుగా రాడ్డుకే తగులుతాయి. ఒకసారి తొడుగు పైకి జరిపి, రాడ్డుని గుడ్డతో తుడిచి, గోటితో గీసి చూడండి. తుప్పు తిన్న చోట చిన్న చిన్న గుంటలు గోటికి తగులుతాయి. బండి ఊగిన ప్రతిసారీ ఆ గుంటలే ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలుని కోస్తాయి. కొత్త సీలేసి ఆయిల్ నింపినా దాన్ని కోసేదీ ఆ రాడ్డే కదండీ. పైగా ఇది గ్యాస్ కూర్చి మూసేసిన గొట్టం. దానికి కన్నం పెట్టి, వెల్డింగ్ చేసి, ఏదో ఆయిల్ పోస్తే లోపలి వాల్వులు పనిచేసే తీరే మారిపోతుంది. చక్రాన్ని నిలబెట్టే భాగానికి అలాంటి వైద్యం నేను ఒప్పుకోను.

కుడిది కారకపోవచ్చు, అంతమాత్రాన బాగున్నట్టు కాదు. అదీ అన్ని కిలోమీటర్లూ తిరిగిందే. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలూ రోడ్డుని ఒకేలా పట్టవు.

స్ట్రట్లతో పాటు పై మౌంట్లు (స్ట్రట్ పైకొసని బాడీకి పట్టి ఉంచేవి), బంప్ స్టాపులు (స్ట్రట్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపేవి), రబ్బరు తొడుగులు, స్ప్రింగు కింద వేసే రబ్బర్లు కూడా కొనండి. ఇప్పుడు మిగుల్చుకుంటే రేపు మళ్లీ ఇదంతా విప్పాలి. బండి నిలిపి ఉంచి ఎవరినైనా స్టీరింగ్ తిప్పమనండి. స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా వదులుతూ టంగుమంటే మౌంట్‌లోని బేరింగ్ పోయినట్టే. బానెట్ ఎత్తి, మౌంట్ బిగించిన చోట రేకు పైకి ఉబ్బిందేమో కూడా చూడండి. గోతుల్లో తిరిగిన ఈ మోడల్ బండ్లకి ఆ జబ్బు ఉంది. ఉబ్బితే ముందు ఆ రేకు సరిచేయించాలి. కింది ఆర్మ్ వెనక బుష్, బాల్ జాయింట్లు కూడా అప్పుడే చూడమనండి.

సామాను ఛాసిస్ నంబరులో చివరి ఏడు అక్షరాలు ఇచ్చి తెప్పించుకోండి. నాలుగు సిలిండర్ల బండికీ ఆరు సిలిండర్ల బండికీ బరువు తేడా ఉంది. ఎడమది, కుడిది వేర్వేరు. సాక్స్, బిల్‌స్టీన్ కంపెనీలవి రెండూ మంచివే. కంపెనీ ఎత్తుకి సరిపడే మామూలు రకం తీసుకోండి.

ఇక అసలు జాగ్రత్త. పై మౌంట్ నడిమి నట్టుని, స్ట్రట్ బండి మీద ఉండగా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. నొక్కి పెట్టిన స్ప్రింగుని ఆపుతున్నది అదే. స్ట్రట్ కిందికి దించాక, స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్ కొక్కేలు రెండూ ఎదురెదురుగా తగిలించి, ఇటు కాస్త అటు కాస్త చేత్తో బిగిస్తూ రావాలి. గాలి గన్ను వాడకూడదు. పైన మౌంట్ వదులై కదిలాకే ఆ నట్టు విప్పాలి. ముఖం దాని ఎదురుగా పెట్టకూడదు. ఈ పనిలో చెయ్యి పోగొట్టుకున్నవాళ్లున్నారు. మీ మెకానిక్ దగ్గర మంచి కంప్రెసర్ లేకపోతే, ఉన్న షెడ్డుకి మోసుకెళ్లండి.

కొత్త స్ట్రట్ రాడ్డుని ప్లయర్‌తో పట్టుకోకూడదు, గీత పడితే సీలు మళ్లీ పోతుంది. బిగించే ముందు నిలువుగా పెట్టి నాలుగైదుసార్లు మెల్లగా పూర్తిగా నొక్కి వదలమనండి, లోపల చేరిన గాలి పోతుంది. స్ప్రింగు కొస దాని గూటిలో ఆనాలి. విప్పినంతసేపూ బ్రేకు ప్యాడ్లుండే కాలిపర్‌ని బ్రేకు గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పాత లాక్ నట్లు మళ్లీ వాడకండి. ఆర్మ్ బుష్‌లు మార్చితే, వాటి బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే ఆఖరి బిగింపు బిగించాలి.

పొట్టి స్ప్రింగులు ఎందుకొద్దన్నానంటే, ఈ బండి అసలే నేలకి దగ్గర. స్ట్రట్ కదిలే చోటు ఇంకా తగ్గిస్తే ఊళ్లోని ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బంప్ స్టాప్ మీద కొట్టుకుంటుంది. ఆ దెబ్బ వెళ్లేది ఇందాక చెప్పిన రేకుకే. వానాకాలం నీళ్లు నిలిచిన రోడ్ల సంగతి సరేసరి.

పని అయ్యాక చక్రాల అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి. అలలుగా అరిగిన ఆ టైరు మాత్రం ఇక సమం కాదు. కొత్త స్ట్రట్లేసినా గుయ్యిమంటూనే ఉంటుంది, దాన్ని విని పని సరిగా చేయలేదని మెకానిక్‌తో గొడవ పడకండి. ముందు చక్రాలకి రెండు కొత్త టైర్లు వేయించి, ఆ తర్వాత నడిపి చూడండి.