లెక్కలో 6 ఓమ్‌లు, మీటరులో అర ఓమ్: ఫిలమెంటు బల్బు నిరోధం ఏది సరైనది?

మీ 12 వోల్టుల ఫిలమెంటు బల్బు 2 ఆంపియర్ల కరెంటు తీసుకుంటోందని, లెక్క ప్రకారం నిరోధం 6 ఓమ్‌లు కావలసి ఉండగా విడిగా తీసి కొలిస్తే మల్టీమీటరు అర ఓమ్ మాత్రమే చూపిస్తోందని, ఈ రెండింటిలో ఏది తప్పో చెప్పమని అడిగారు. రెండూ సరైనవే. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చే 6 ఓమ్‌లు వెలుగుతున్న బల్బువి. మీటరు చూపిన అర ఓమ్ చల్లగా ఉన్న బల్బుది. బల్బులోని టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కినప్పుడు దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే పది రెట్లకు పైగా పెరుగుతుంది.

కొన్నేళ్ల క్రితం ఇదే తేడా చూసి నేను మీటరు పాడైందనుకున్నాను. అంతటితో ఆగకుండా, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే పవర్ వస్తుందన్న సూత్రంలో ఆ అర ఓమ్‌నే వేస్తే 288 వాట్లు వచ్చింది. బల్బు మీద 24 వాట్లని స్పష్టంగా అచ్చు వేసి ఉన్నా, సూత్రాన్నే నమ్మి లావుపాటి వైరు కోసం వెతికాను! సూత్రంలో లోపం లేదు, నేను వేసిన నిరోధమే వేరే స్థితిది. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే 12 రెట్లు 2, అంటే 24 వాట్లు నేరుగా వచ్చేవి. అందుకే ఆ రెండూ కొలిచి చేతిలో ఉన్నప్పుడు పవర్ కోసం నిరోధం మీదుగా వెళ్లవద్దని నా సలహా. అలాగని ఆ 288 పూర్తిగా అర్థం లేని అంకె కూడా కాదు: స్విచ్ వేసిన తొలి క్షణంలో, తీగ ఇంకా చల్లగా ఉండగా, కరెంటు 24 ఆంపియర్ల దరిదాపులకు ఎగబాకి వెంటనే పడిపోతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే మాడిపోవడానికి అదే కారణం.

తరువాత వోల్టేజిని మార్చగలిగే సప్లైకి అదే బల్బును కలిపి చూశాను. 1 వోల్టు వద్ద కరెంటు దాదాపు 0.5 ఆంపియర్, అంటే 2 ఓమ్‌లు. 6 వోల్టుల వద్ద 1.37 ఆంపియర్లు, అంటే సుమారు 4.4 ఓమ్‌లు. వోల్టేజి సగమైతే పవర్ నాలుగో వంతుకు, అంటే 6 వాట్లకు దిగుతుందని పుస్తకపు లెక్క చెబుతుంది గాని, నాకు వచ్చింది 8.2 వాట్లు. ఆ లెక్క నిరోధం మారని వస్తువులకే సరిపోతుంది. హీటర్లలో వాడే నైక్రోమ్ తీగ నిరోధం వేడికి కొద్దిగానే మారుతుంది కనుక, అక్కడ చల్లగా కొలిచినా పెద్ద తేడా రాదు.

కొలిచేటప్పుడు ముందుగా మీటరు ప్రోబులు (కొలవడానికి ఆనించే వైర్ల కొనలు) రెండూ ఒకదానికొకటి ఆనించి, మీటరు చూపే 0.2 ఓమ్ వంటి అంకెను ఫలితంలోంచి తీసివేయండి; అర ఓమ్‌లో అది చిన్న భాగమేమీ కాదు. వోల్టేజిని బ్యాటరీ దగ్గర కాకుండా బల్బు కొనల దగ్గరే చూడండి. నా అమరికలో బ్యాటరీ వద్ద 12.6, బల్బు వద్ద 12 వోల్టులు ఉండేవి; మధ్యలోని 0.6 వోల్టును 2 ఆంపియర్లతో గుణిస్తే 1.2 వాట్లు వైర్లలోనే వేడిగా పోతున్నాయని తేలింది. కరెంటు కొలవడానికి మాత్రం మీటరును బల్బుతో వరుసలోనే, అంటే బల్బుకు వెళ్లే కరెంటు మీటరు గుండా పోయేలా కలపాలి. ఒకసారి పరధ్యానంగా ఆంపియర్ల సాకెట్‌లో ప్రోబు ఉంచి బ్యాటరీ కొనలకే ఆనించాను. మీటరు లోపలి ఫ్యూజు టప్పుమంది.