హైదరాబాద్ నుంచి రాజమండ్రికి వన్ వే కారు మాట్లాడుకుంటే తిరుగు ఖర్చు మనమీద పడకుండా ఏం చేయాలి?

అమ్మానాన్నల్ని హైదరాబాద్ నుంచి రాజమండ్రిలో దింపాలని, వన్ వే అని చెప్పి చివర్లో రిటర్న్ డబ్బులు కూడా అడుగుతున్నారని, దీన్ని తప్పించుకునే దారేమైనా ఉందా అని అడిగారు. ఉందండీ. మీరు వెళ్ళే ఊరి బండినే వెతికి మాట్లాడుకోండి. హైదరాబాద్ బండి ఎక్కితే ఎన్ని బేరాలాడినా దాని తిరుగు ప్రయాణం ఏదో ఒక పేరుతో మీ జేబులోంచే పోతుంది. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2023లో మాకు జరిగింది.

నాన్నకి హైదరాబాద్‌లో బైపాస్ ఆపరేషన్ అయింది. పన్నెండో రోజు డిశ్చార్జ్ అన్నారు. మాది ఏలూరు దాటాక దెందులూరు వైపు లోపలికి ఉన్న పల్లెటూరు. కూకట్‌పల్లి నుంచి మా ఇంటికి 345 కిలోమీటర్లు. ఒక ట్రావెల్స్‌కి ఫోన్ చేస్తే సెడాన్ వన్ వే 5,800 అన్నారు, వెళ్ళేటప్పటి టోల్ కలిపే. అదే రానూపోనూ లెక్కయితే కిలోమీటరుకి 12 రూపాయల చొప్పున 8,000 దాటుతుంది కదా, మంచి రేటే అనుకుని అడ్వాన్స్ పంపేశాను.

ఉదయం పదకొండుకి బయల్దేరదామని బండిని రమ్మన్నాం. ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదని హాస్పిటల్ వాళ్ళు మమ్మల్ని మధ్యాహ్నం మూడున్నర దాకా కూర్చోబెట్టారు. ఈ డిశ్చార్జ్ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, పేషెంటు పొద్దున్నే బట్టలు మార్చుకుని మంచం మీద కూర్చుంటే, ఆఖరి కాగితం వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఆ ఆలస్యానికి మందుల షాపు నుంచి కారు దాకా అందరూ మన దగ్గరే వసూలు చేస్తారు. మాకు అదే జరిగింది.

దారిలో నాన్న ఎక్కువసేపు కూర్చోలేకపోయారు. బైపాస్ అయినవాళ్ళకి దగ్గు వచ్చినప్పుడు గుండెకి ఆనించి పట్టుకోమని చిన్న దిండు ఇస్తారు. దాన్ని రెండు చేతులతో హత్తుకునే కూర్చున్నారు. గంటకోసారి ఆపాం. సూర్యాపేటలో టిఫిన్ పెట్టించి, మందులు వేసి, కాసేపు నడిపించాం. ఇంటికి చేరేసరికి రాత్రి పది యాభై.

మా వీధిలోకి కారు పట్టదు. కాలవ గట్టు మీద ఆపి నాన్నని దింపుతుంటే డ్రైవర్ నెమ్మదిగా, "సార్, ఓనర్ మాట్లాడతారంట" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. రిటర్న్ టోల్ 600. బోర్డర్ ట్యాక్స్ 500. పది దాటింది కాబట్టి డ్రైవర్‌కి నైట్ బత్తా 400. హైవే దిగి పల్లెలోకి వచ్చినందుకు 500. సూర్యాపేటలో వెయిటింగ్ 300. మొత్తం 2,300. అంటే 8,100. కూడి చూడండి, రానూపోనూ లెక్కకి ఇంచుమించు సరిగ్గా చేరింది. వన్ వే అని తగ్గించినట్టు చూపించిన డబ్బంతా ఐదు పేర్లతో వెనక్కి వచ్చింది.

నేను గొంతు పెంచాను. పక్కింటి వాళ్ళు లైట్లు వేసుకుని బయటికొచ్చారు. నాన్న ఒక చేత్తో దిండు పట్టుకుని, రెండో చేత్తో చొక్కా జేబులో కళ్ళజోడు కవరు వెనక మడత పెట్టుకున్న నోట్లు తీస్తూ, "ఇచ్చెయ్యరా, ఆ అబ్బాయి పొద్దుటి నుంచి మనతోనే ఉన్నాడు, గొడవెందుకు" అన్నారు. పన్నెండు రోజుల కింద ఛాతీ కోసిన మనిషి గట్టు మీద నిలబడి నా తరఫున డబ్బులు లెక్కపెడుతుంటే నాకు నోట మాట రాలేదు. మొత్తం ఇచ్చేశాను.

ఆ డ్రైవర్‌ని నేను తప్పుపట్టను. పాతికేళ్ళు ఉంటాయేమో. వసూలు చెయ్యకపోతే తన బత్తాలో కోస్తారని అమ్మతో చెప్పాడట. అమ్మ కూర్చోబెట్టి పెరుగన్నం, ఆవకాయ పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, ఆ రాత్రే ఖాళీ కారుతో వెనక్కి బయల్దేరాడు. ఆ టీఎస్ నంబరు బండి వెనక ఎర్ర లైట్లు గట్టు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఖాళీగా పోతున్న ఆ 345 కిలోమీటర్ల డీజిలే మనం కట్టింది, దానికి ట్యాక్సని, టోలని పేర్లు పెట్టారంతే అని అప్పుడు అర్థమైంది.

తర్వాత ఒక్కొక్కటీ విడదీసి కనుక్కున్నాను. నేషనల్ హైవేల మీద 24 గంటల్లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి టోల్ ఒకటిన్నర రెట్లే, అంటే తిరిగొచ్చేటప్పుడు సగమే పడుతుంది. ఫాస్టాగ్‌లో అది దానంతటదే లెక్కవుతుంది. ఆ రాత్రే వెనక్కి వెళ్ళిన బండికి పంతంగి టోల్ గేటు దగ్గర్నుంచి కలపర్రు గేటు దాకా పూర్తి టోల్ మళ్ళీ ఎలా పడుతుంది? ఫాస్టాగ్ మెసేజీలు ఓనర్ ఫోన్‌కి వస్తాయి, చూపించమంటే చూపించరు. ఇక బోర్డర్ ట్యాక్స్. కేంద్రం 2023లో తెచ్చిన ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ నిబంధనల ప్రకారం ఆ పర్మిట్ ఉన్న బండి ఇంకో రాష్ట్రంలో విడిగా ట్యాక్స్ కట్టక్కర్లేదు. మా బండి రాష్ట్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు, డ్రైవర్ కిందికి దిగలేదు. నేను ముందు సీట్లోనే కూర్చున్నాను. నైట్ బత్తా ఒక్కటి న్యాయమే అనుకోండి. రాత్రి నిద్ర మానుకుని నడిపే మనిషికి ఇవ్వాలి, అది ఆయన చేతికే ఇవ్వాలి.

మూడు నెలలకి మళ్ళీ హైదరాబాద్‌లో చెకప్. ఈసారి తిరిగొచ్చే బండి కోసం ముందే మా అమ్మ తమ్ముడు, ఏలూరులో ఉంటారు, కార్ల స్టాండుకి వెళ్ళి నలుగురు డ్రైవర్లతో మాట్లాడి వచ్చారు. "శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ డ్రాప్ ఎప్పుడుంది?" అని ఒక్కటే అడిగారు. మా వైపు ఏ ఊళ్ళో చూసినా అమెరికాకో గల్ఫ్‌కో వెళ్ళే పిల్లలు ఉంటారు. వాళ్ళని దింపడానికి సాయంత్రం ఏలూరులో, భీమవరంలో, రాజమండ్రిలో బయల్దేరిన కార్లు అర్ధరాత్రికి శంషాబాద్ చేరతాయి. డ్రైవర్లు సీటు వెనక్కి వాల్చి ఒక కునుకు తీసి, తెల్లారగానే ఖాళీగా ఇంటిదారి పడతారు. ఆ బండికి ఎవరు ఎక్కినా లాభమే. బేరం దానంతటదే మనవైపు మొగ్గుతుంది.

మాకు దొరికిన అబ్బాయి, "ఎలాగూ ఖాళీగా పోవాలి కదండీ, డీజిలు, టోలు ఇచ్చి పైన ఏదో చూసుకోండి" అన్నాడు. 3,800కి మాట్లాడుకున్నాం, ఇంటి దాకా, అన్నీ కలిపి. అతన్ని కూకట్‌పల్లి దాకా రమ్మనలేదు. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే నేరుగా విజయవాడ హైవేనే. మేమే తెల్లవారుజామున క్యాబ్‌లో అక్కడికి వెళ్ళి ఎక్కాం. మీ నాన్నగారు నడవగలిగితే మియాపూర్ వైపు నుంచి మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగండి, బండిని అక్కడికి రమ్మనండి. బండి ఊరు దాటడానికి పట్టే గంటన్నరకి వెయిటింగ్ అని వేసే డబ్బు మిగులుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మా ఇంట్లో అన్నం తింటున్నాం. డ్రైవర్ కూడా మాతోనే తిన్నాడు. వాళ్ళ ఊరు అక్కడికి గంట కూడా లేదు.

కాబట్టి ఏపీ నంబర్ ప్లేటు, పసుపు బోర్డు చూసి మాట్లాడుకోండి. పసుపు బోర్డు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, తెల్ల బోర్డు సొంత కార్లు బాడుగకి తిప్పేవాళ్ళు ఇంకా తక్కువకి వస్తామంటారు. వద్దండీ. సొంత వాడకానికి రాయించుకున్న బండిని బాడుగకి తిప్పితే, ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్‌కి అడ్డం తిరుగుతారు. ఐదొందల కోసం అమ్మానాన్నల్ని అందులో ఎక్కించకండి.

సెల్ఫ్ డ్రైవ్ సంగతి కూడా అడిగారు. మన దగ్గర చాలామటుకు ఎక్కడ తీసుకున్న కారుని అక్కడే అప్పజెప్పాలి. వేరే ఊళ్ళో వదులుతామంటే ఆ డ్రాప్ ఛార్జీ కంటే డ్రైవర్ ఉన్న కారే నయం. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చెప్పేది కూడా ఇదే సూత్రం. చలికాలం ఫ్లోరిడాలో గడిపినవాళ్ళు వెనక్కి వచ్చేసే రోజుల్లో, ఏప్రిల్, మే నెలల్లో, అక్కడి కార్లని ఉత్తరాదికి చేర్చుకోవడానికి అద్దె కంపెనీలు వన్ వేకి రేటు బాగా తగ్గిస్తాయట. బండి ఎటు పోవాలని చూస్తోందో అటు మనం వెళ్తే చవక. ఎదురెళ్తే జేబు ఖాళీ.

సంక్రాంతికి ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. భోగికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి ఆంధ్రా వైపు వన్ వేకి నోటికొచ్చిన రేటు చెప్తారు, ఇస్తాం. అదే రోజుల్లో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చే కార్లు ఖాళీగా పరిగెడుతుంటాయి. కనుమ వెళ్ళాక లెక్క తిరగబడుతుంది. మీకు తేదీ మార్చుకునే వీలుంటే పండక్కి వారం ముందే దింపేయండి.

ఏ బండి మాట్లాడినా ఫోన్‌లో మాట మాత్రం నమ్మకండి. ఇంటి లొకేషన్ వాట్సాప్‌లో పంపి, "ఇంటి గుమ్మం దాకా, టోల్, పర్మిట్, బత్తా, రిటర్న్ అన్నీ కలిపి ఇంతే, దారిలో రెండుచోట్ల ఆపుతాం" అని తెలుగులోనే రాయండి. అవతలివాళ్ళు "సరే" అని రాసేదాకా అడ్వాన్స్ పంపొద్దు. యాప్‌లో బుక్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు కలిపారో చూడండి. కిలోమీటర్లు మీరు ఎక్కిన చోటు నుంచి లెక్కిస్తారా, గ్యారేజీ నుంచి గ్యారేజీకి లెక్కిస్తారా అని అడగండి. ఎక్కగానే మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. కొందరు డ్రైవర్లు దానికి చిన్నబుచ్చుకుంటారు, మర్యాదగా చెప్తే అర్థం చేసుకుంటారు.

మీ విషయంలో నేనైతే రాజమండ్రిలో ఎవరైనా చుట్టానికి ఫోన్ చేసి, స్టాండులో ఎయిర్‌పోర్ట్ డ్రాప్ ఉన్న డ్రైవర్ నంబర్ కనుక్కోమంటాను. వారం ముందు చెప్తే దొరికే అవకాశం ఎక్కువ. మా ఏలూరు అబ్బాయి ఇప్పుడు శంషాబాద్ డ్రాప్ తగిలినప్పుడల్లా ముందు నాకే ఫోన్ చేస్తాడు. పోయిన నెల చెకప్ అయ్యాక కూడా నాన్న అతని బండిలోనే వెళ్ళారు, దిండు లేకుండా, ముందు సీట్లో కూర్చుని.