శనివారం మార్చకు, అమ్మడూ

అమ్మడూ,

మీ కుక్క నల్లోడికి ఇంక బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించేద్దామని నువ్వే తేల్చుకున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మూడో రోజు, మీ పాత ఇంటి ముందు కూలిన చెట్టు కొమ్మల్లోంచి వాణ్ణి చున్నీలో చుట్టి తెచ్చినప్పుడు నువ్వు ఏడో క్లాసు. కరెంటు లేదు, పాలు దొరకవు, మీ నాన్న వద్దంటే వద్దన్నారు. ఆ పిల్లే ఇవాళ ఇంత మాట అనగలిగిందంటే గర్వంగా ఉంది. భయంగానూ ఉంది, అందుకే రాస్తున్నాను.

డాక్టరు ఇంటికే వస్తానన్నారట, మంచిది. ముందు మత్తు సూది ఇవ్వమను, వాడు బాగా నిద్రలోకి జారాకే రెండోది. అది ఎక్కాక రెండు మూడు నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్ళు మూతపడవు, ఊపిరి తీసినట్టు ఒళ్ళు ఒకటి రెండుసార్లు కదలొచ్చు, ఉచ్చ పడొచ్చు. అది నొప్పి కాదు, కంగారుపడకు. ఈలోగా మూలుగుతున్నాడని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వేయకు, కుక్కలకి పడదు.

తమ్ముడు పుణె నుంచి వచ్చేదాకా ఆగుదామా అని అడిగావట. ఆగకు. మా కుక్క రోజీ సంగతి నీకు సగమే తెలుసు. డిసెంబరు ఆఖర్లోనే తిండి మానేసింది. కిడ్నీలు పోయాయి, సెలైన్ ఎక్కిస్తే ఒక పూట లేచేది, మళ్ళీ పడుకునేది. "ఇంక ఆలోచించుకోండమ్మా" అన్నాడు డాక్టరు. నాకు అర్థమైంది. కానీ మావాడు సంక్రాంతికి వస్తాడు, దాన్ని పెంచినవాడు వాడే, ఆఖరి చూపు లేకపోతే ఎలా అని పదిహేను రోజులు లాగాను. ఆ పదిహేను రోజులూ అది నీళ్ళ గిన్నె దగ్గరికెళ్ళి, మూతి గిన్నె అంచుకి ఆనించి, తాగకుండా అలాగే నిలబడేది. "ఇంకో వారమే తల్లీ" అనేదాన్ని నేను. భోగి రాత్రి ఫిట్స్ మొదలయ్యాయి. పండగ కదా, ఏ క్లినిక్కులోనూ ఫోన్ ఎత్తలేదు. తెల్లవారుజామున ఆటో దొరికితే ఒళ్ళో వేసుకుని భీమిలి నుంచి బయల్దేరాను. ఋషికొండ దాటాక కాళ్ళు బిగుసుకున్నాయి. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను, సాగర్ నగర్ దగ్గర ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి చూసి, పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. మావాడు మధ్యాహ్నం రైలు దిగాడు. వాడి కోసం ఆగానని చాన్నాళ్ళు అందరికీ చెప్పాను. వాడి కోసం కాదమ్మా, ఒక్కదాన్నే ఆ పని చేయలేక ఆగాను.

తమ్ముడికి వీడియో కాల్లో చూపించు. శనివారం పొద్దున్న నల్లోడు లేచి తోక ఊపినా మనసు మార్చుకోకు, వాడు బాగున్న రోజున పంపితే అది తప్పు కాదు. వాడి తల నీ ఒళ్ళోనే ఉండాలి. ఏడుపొస్తే ఏడువు, గదిలోంచి మాత్రం వెళ్ళకు. రెండు రోజులుగా టీ తాగి ఉంటున్నావట, ఏమిటా పని? వాడి మందులకి అలారం పెట్టుకునేదానివి, నీ అన్నానికీ పెట్టుకో.

శుక్రవారం రాత్రి నెత్తళ్ళు వేయించి అన్నంలో కలిపి పెట్టు. ఇన్నాళ్ళూ డాక్టరు వద్దన్న ఉప్పు ఆ ఒక్క పూటకి ఏం చేస్తుంది! శనివారం మాత్రం ఏమీ పెట్టకు, మత్తుకి వాంతి రావచ్చు.

మీది ఫ్లాటు, బీచ్ ఇసుకలో పూడుద్దామని ఎవరన్నా అంటే వినకు. ఆ మందు ఒంట్లోనే ఉండిపోతుంది, పైపైన పూడిస్తే వీధి కుక్కలు తవ్వి తిని అవీ పోతాయి. మా పెరట్లో రోజీ పక్కన నాలుగడుగుల గొయ్యి రేపే తవ్విస్తున్నాను.

శుక్రవారం సాయంత్రమే బస్సెక్కి వస్తాను. నా పాత నేత చీర ఒకటి ఉతికి ఆరేశాను, మెత్తగా ఉంటుంది, వాడి కింద పరుద్దాం. శనివారానికి కారు మాట్లాడి ఉంచు, వెనక సీటు మన ముగ్గురికీ.

నీ పెద్దమ్మ