పై దవడలో ఎముక తగ్గిందంటే ఇంప్లాంట్ కుదరదని కాదు

అన్నా, అనంతపురంలో మీ అమ్మగారికి పై దవడ వెనక పళ్ళు తీసి ఆరేళ్ళయిందని, ఇంప్లాంట్‌కు (పన్ను కట్టడానికి ఎముకలో బిగించే స్క్రూ) ముందు ఎముక పెట్టి ఆరు నెలలు ఆగాలన్నారని, ఇదంతా డబ్బు కోసమేమోనని అడిగారు. కర్నూలులో నాకూ ఇదే జరిగింది. డాక్టర్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు.

పన్ను పోతే దాన్ని పట్టుకున్న ఎముక కరుగుతూ వస్తుంది. పై దవడ వెనక ఇంకో చిక్కు ఉంది. అక్కడ పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది, అదీ కిందికి పెరుగుతుంది. అలా రెండు వైపులా తగ్గి నాకు 3 మిల్లీమీటర్లే మిగిలింది. ఇంప్లాంట్ పొడవేమో మామూలుగా 8 నుంచి 10 ఉంటుంది. అందుకే సైనస్ పొరను మెల్లగా పైకి లేపి, దాని కింద ఎముక పొడి నింపుతారు. 5 మిల్లీమీటర్ల పైన ఉంటే చాలాసార్లు ఇంప్లాంట్ కూడా అదే రోజు పెట్టేస్తారు. కాబట్టి సీబీసీటీ స్కాన్ (దవడను 3డీలో చూపే ఎక్స్‌రే స్కాన్) తీయించి, ఎంత మిగిలిందో అడగండి. మామూలు ఎక్స్‌రే ఒక్కటే చూసి ఒప్పుకోవద్దు.

ఆ పొడి చాలాచోట్ల ఆవు ఎముకతో చేసిందే వాడతారు. అమ్మగారికి పట్టింపు ఉంటే ముందే చెప్పండి, సింథటిక్‌ది కూడా దొరుకుతుంది. నాకెవరూ చెప్పలేదు, తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోవాలి. ఆపరేషన్ తర్వాత రెండు వారాలైనా ముక్కు గట్టిగా చీదకూడదు, స్ట్రాతో తాగకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కులోంచి ఆ పొడి రాలినా, చెడు వాసన వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.