బాల్కనీలో పిల్లల బట్టలు

చి. శ్రావణికి,

నీ కథ చదివాను. వాక్యం నీకు బాగా నడుస్తుంది. మెచ్చుకోలు ఇక్కడితో సరి.

నన్ను పట్టుకున్నది ఆరో పేజీ. ఎగుమతి లైసెన్సుల విభాగంలో పనిచేసే నీ అనలిస్టు, సరుకు చేరాల్సిన గల్ఫ్ చిరునామాని మ్యాపులో వెతుకుతాడు. ఫ్యాక్టరీ ఉండాల్సిన చోట మూడంతస్తుల ఇల్లు, డాబా మీద ఆరేసిన పిల్లల బట్టలు. అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. మళ్లీ తీస్తే ఏముంది? వాడు కిటికీ దగ్గర నిలబడి రెండున్నర పేజీలు యుద్ధాల గురించి కుమిలిపోతున్నాడు. కథ ఆ ఇంట్లో ఉంటే కిటికీ దగ్గరికి ఎందుకు వెళ్లావమ్మా? పైగా ఉపగ్రహం తీసిన బొమ్మలో పిల్లల చొక్కాలు ఆనవు. వీధిలోంచి తీసిన ఫొటో అని మార్చు, డాబాని బాల్కనీ చెయ్యి.

ఇక కోపం తెప్పించిన సంగతి. సరుకు పేరు రాయాల్సిన చోట ‘ప్రమాదకరమైన లోహం’ అన్నావు. అలాంటి లోహం ఏ జాబితాలోనూ లేదు. మారేజింగ్ స్టీల్ అని రాయి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ కర్మాగారం మిధానీలో తయారయ్యేదే. సుమారు 18 శాతం నికెల్, ఆపైన కోబాల్ట్, మాలిబ్డినం, కొంచెం టైటానియం. కార్బన్ దాదాపు లేనట్టే. 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది, దాన్నే ఏజింగ్ అంటారు. విమానం ల్యాండింగ్ గేర్‌కి పనికొస్తుంది, అచ్చులకి పనికొస్తుంది, రాకెట్ మోటారు తొడుగుకి పనికొస్తుంది, అణు ఇంధనం కోసం యురేనియంని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌కీ పనికొస్తుంది. నీ అనలిస్టుకి నిద్ర పట్టకపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

అణు సరుకుల ఎగుమతిని అదుపు చేసే దేశాల కూటమి ఒకటుంది, అణు సరఫరాదారుల బృందం. దాని జాబితాలో ఈ ఉక్కుకి గీత 1,950 మెగాపాస్కల్స్, లోహం బలాన్ని అందులో కొలుస్తారు. బలం ఆ గీతకి చేరితే లైసెన్స్ కావాలి. మనం ఆ బృందంలో సభ్యులం కాకపోయినా జాబితాని పాటిస్తాం. అసలు కిటుకు అందులో ఒక్క మాటలో ఉంది: అంత బలానికి ‘చేరగల’ ఉక్కు. వేడిచికిత్సకి ముందైనా తర్వాతైనా లెక్కలోకి వస్తుంది. ఎగుమతిదారు జతచేసిన టెస్ట్ సర్టిఫికెట్‌లో బలం వెయ్యి దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఏజింగ్ ఇంకా కాలేదు. కొత్తగా చేరినవాడు ఆ అంకె చూసి ‘లైసెన్స్ అక్కర్లేదు’ అని నోట్ పెట్టేస్తాడు. అనుభవం ఉన్నవాడు ముందు గ్రేడ్ చూస్తాడు, తర్వాత ఉక్కు ఏ స్థితిలో ఉందో చెప్పే గడి చూస్తాడు. 300 గ్రేడ్ ఏజింగ్ అయ్యాక గీత దాటుతుంది. 250 గ్రేడ్ మామూలుగా దాటదు. ఏ వైపు కొలిచినా 75 మిల్లీమీటర్లు మించని ముక్కకి మినహాయింపు.

250 గ్రేడ్ కదా అని ఊపిరి పీల్చుకోకూడదు. క్షిపణుల జాబితా వేరే ఉంది, క్షిపణి సాంకేతికతని అదుపు చేసే దేశాల కూటమి ఎంటీసీఆర్‌ది. 2016 నుంచి మనం అందులో సభ్యులం. అక్కడ ఏజింగ్ అయ్యాక 1,500 మెగాపాస్కల్స్ చాలు. కానీ ఆకారం కూడా కలవాలి: రేకో ప్లేటో గొట్టమో 5 మిల్లీమీటర్లకి మించని మందంలో ఉండాలి, లేదా గొట్టం లోపలి వ్యాసం 270కి తగ్గకుండా, గోడ మందం 50కి మించకుండా ఉండాలి. ఒక జాబితాలో తప్పించుకున్న గొట్టం రెండో జాబితాలో దొరుకుతుంది. నీ కథకి మలుపు కావాలన్నావుగా, ఇదిగో.

ఇన్ని అంకెలు వేస్తే పాఠకుడు పారిపోతాడని చెప్పే సంపాదకులు నీకూ తగులుతారు. పులిహోర కథలో ఇంగువ చిటికెడా అరచెంచానా అని నిలదీసేదీ వాళ్లే. పోటీల న్యాయనిర్ణేతలకైతే ‘అంతస్సంఘర్షణ’ ఉంటే చాలు, మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏం చేశాడో అక్కర్లేదు. వాళ్ల మాట వినకు.

నీ కథలో దరఖాస్తు మీద కొట్టిన ఎర్ర ముద్ర తీసెయ్యి. దరఖాస్తు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అదే డీజీఎఫ్‌టీ, పోర్టల్లో వస్తుంది. ఎగుమతికి లైసెన్స్ కావాల్సిన సరుకులకి మన దేశం పెట్టుకున్న జాబితా స్కోమెట్. అందులో వర్గాలు 0 నుంచి 8 దాకా. ఆరోది ఆయుధాలది, అది రక్షణ ఉత్పత్తి విభాగం చూస్తుంది, సున్నా అణుశక్తి విభాగానిది, ఏడు ఖాళీ, మిగతావి డీజీఎఫ్‌టీవి. నీ హీరో ఒక్కడే అన్నీ చూస్తున్నాడు, పైగా తిరస్కరించేస్తున్నాడు కూడా! అనలిస్టు తిరస్కరించడు. నోట్ రాసి పుటప్ చేస్తాడు. తేల్చేది మంత్రిత్వ శాఖల ఉమ్మడి బృందం. విదేశాంగ శాఖ, డీఆర్‌డీఓ వంటివాళ్లు కూర్చుంటారు.

అనలిస్టు చేతిలో ఉన్న బలమంతా ఎండ్ యూజ్ సర్టిఫికెట్, అంటే సరుకు ఎవరు దేనికి వాడతారో కొనేవాడు రాసిచ్చే కాగితం, చదవడంలో ఉంది. పర్చేజ్ ఆర్డర్ నంబరు, తేదీ, పరిమాణం, కొనేవాడి పేరు ఇన్వాయిస్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవవు. సర్టిఫికెట్ తేదీ ఆర్డర్ కంటే ముందుంటుంది. పేరు చివర ఒక కాగితంలో ఎల్‌ఎల్‌సీ, ఇంకోదాంట్లో ఎఫ్‌జెడ్‌ఈ, అంటే రెండు వేర్వేరు రకాల కంపెనీలు. సరుకు ఆఖరున వాడేవాడి గడిలో రవాణా ఏజెంటు పేరు. యంత్రమైతే బిగించే మనిషినీ శిక్షణనీ వద్దంటాడు కొనేవాడు. వీటిలో చాలావాటి వెనక గుమాస్తా పొరపాటే ఉంటుంది. అందుకే అనుమానం రాయకూడదు, ప్రశ్న రాయాలి. దాన్ని డెఫిషియెన్సీ లెటర్ అంటారు. నీ కథలో అది లేనే లేదు.

వాడకం గడిలో రాసే మాటకి ఎంత బరువుందో తెలియాలంటే బ్రిటన్‌లోని మాట్రిక్స్ చర్చిల్ కంపెనీ వ్యవహారం చదువు. ఆయుధాల తయారీకి ఇరాక్ వెళ్లిన లేత్ మిషన్లు, కాగితం మీద మాత్రం ‘సాధారణ ఇంజనీరింగ్’. పూర్తి నిజం చెప్పలేదని మాజీ మంత్రి అలన్ క్లార్క్ కోర్టులో ఒప్పుకునేసరికి 1992లో కంపెనీ డైరెక్టర్ల మీద కేసు కూలిపోయింది. 1996లో వచ్చిన స్కాట్ విచారణ నివేదికలో ఎవరు ఏ నోట్‌లో ఏ మాట మార్చారో వెతుక్కో.

ఇప్పుడు బాల్కనీ దగ్గరికి రా. ఆ ఇల్లు చిన్న వ్యాపారి ఇల్లే అయ్యుండొచ్చు, కంపెనీని ఇంటి చిరునామాతో నమోదు చేసుకుని ఉండొచ్చు. నీ అనలిస్టు ‘సరుకు నిల్వ చేయు స్థలము, లీజు పత్రము, అంతిమ వినియోగదారు వివరములు పంపగలరు’ అని ఒక్క వాక్యం టైపు చేసి, జవాబు కోసం ఎదురుచూడనీ. ఆ పిల్లల వయసెంతో ఆ చొక్కాల సైజుని బట్టి ఊహించుకుంటాడేమో, ఊహించుకోనీ. కిటికీ దగ్గరికి మాత్రం పంపకు.

నవలగా పెంచనా, ఏ పత్రికకి పంపను అని అడిగావు. ముందు ఇది చెప్పు: రెండో పేజీ పర్చేజ్ ఆర్డర్‌లో 40 గొట్టాలున్నాయి, తొమ్మిదో పేజీ సర్టిఫికెట్‌లో 45 అయ్యాయి. నువ్వు కావాలని పెట్టావా, చూసుకోలేదా? చూసుకోకపోతే దిద్దకు. నీ అనలిస్టు చేత పట్టించు.

ఆశీస్సులతో